ఐఎస్ఓ పదహారు వందల చీర

నేను పనిచేసిన చోట్ల మేనేజర్లు రెండు రకాలుగా ఉండేవారు. కొందరు ఏ పనీ చేయరు. వాళ్లతో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంకొందరు ఏదో ఒకటి చేసి చూపించాలన్న పట్టుదలతో వస్తారు. గద్వాలలో నాకు దొరికింది రెండో రకం మనిషి. మంచివాడు, చేయి చాపే రకం కాదు, పొద్దున్నే అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చేవాడు. కెమెరా పట్టుకుని కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఆయన సంగతి తెలుసుకోవడం మంచిది. మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మంచివాడు తగులుతాడు.

అప్పటికి డిజిటల్ కెమెరాలు కొత్త. నేను వనపర్తిలో ఒక స్టూడియోలో పనిచేసేదాన్ని. చీకటిగదిలో ఫిలిం కడగడంతో మొదలుపెట్టి, ఫోటోలు తీయడం దాకా వచ్చాను. గద్వాలలో చేనేత సంఘంవాళ్లు చీరల ఫోటోలు తీయడానికి మనిషి కావాలని చూస్తున్నారని తెలిసి వెళ్లాను. తాత్కాలిక ఉద్యోగం. నన్నే తీసుకోవడానికి కారణం నా పనితనం కాదు. మగ్గాలన్నీ ఇళ్లలోనే ఉంటాయి, ఆడమనిషైతే వంటింటి దాకా పోనిస్తారని మేనేజరు గారు లెక్క వేశారు. ఆ లెక్క మాత్రం సరైనదే.

ఆయనది నాగర్‌కర్నూల్. గద్వాలలో గది తీసుకుని ఉండేవారు. ఆ రోజుల్లో ఆఫీసులకు ఐఎస్ఓ సర్టిఫికెట్ల పిచ్చి పట్టుకుంది. పాలమూరులో ఏదో ఆఫీసు గేటుకు ఐఎస్ఓ తొమ్మిది వేల ఒకటి అని బోర్డు పెట్టారు. అది చూసిన రోజు నుంచి మా సారుకు నిద్ర లేదు. ఆయనా దరఖాస్తు పెట్టారు. తనిఖీకి వచ్చినవాళ్లు గోదాము పైకప్పు చూశారు, దాని కింద పెట్టిన బకెట్లు చూశారు, చాయ్ తాగి వెళ్లిపోయారు.

సరిగ్గా అప్పుడే సంఘానికి కెమెరా వచ్చింది. సారు అట్టపెట్టె మీద రాసింది చదువుతూ ఒకచోట ఆగిపోయారు.

"ఏమమ్మా, ఐఎస్ఓ అని రాసున్నది, చూసినవా?"

"అన్ని కెమెరాలకు ఉంటది సార్."

"నూరు నుంచి పదహారు వందల దాక ఉన్నదే. మనకు ముందే ఎందుకు చెప్పలే?"

ఈ ఐఎస్ఓ వేరు, గేటుకు పెట్టే ఐఎస్ఓ వేరు అని చెప్పాను. ఇది కెమెరా వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె. ట్రాన్సిస్టరు గొంతు పెంచితే పాటతోపాటు గరగర కూడా పెరుగుతుంది కదా, ఇదీ అంతే. అంకె పెంచినకొద్దీ బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. దాన్ని నాయిస్ అంటారు. చీరేమీ పరుగెత్తదు కాబట్టి అంకె నూరు దగ్గరే పెట్టి, కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, కన్ను కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచితే చాలు. పోగు పోగూ కనబడుతుంది.

సారు శ్రద్ధగా విన్నారు. తర్వాత కంప్యూటర్ ఆపరేటరును ఇంటర్నెట్ సెంటరుకు పంపి నిజం తేల్చుకురమ్మన్నారు. వాడు తేల్చుకొచ్చాడు.

"రెండూ ఒక్క సంస్థవే సార్. సర్టిఫికెట్టు రూల్సు రాసేది, కెమెరా నంబర్లు పెట్టేది ఒక్కరే."

దురదృష్టం ఏమిటంటే అది నిజం. "తొమ్మిది వేలది మనకు ఇంక దూరమున్నది," అన్నారు సారు. "ఇప్పటికైతె పదహారు వందలతోని మొదలువెడదాం." అకౌంటెంటు గారు, "ఎక్కడో ఒకచోట మొదలు కావాలె గద సార్," అన్నారు. ఆయన ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ మేనేజరుకూ అడ్డు చెప్పి ఎరుగరు. సాయంత్రానికి గోడ మీద సర్క్యులర్ అంటించారు: సంఘమునకు సంబంధించిన ఛాయాచిత్రములన్నియు అత్యున్నత ఐఎస్ఓ ప్రమాణమునందు మాత్రమే తీయవలెను.

మొదటి ఫోటోకు సారు ఎంచుకున్న ఇల్లు మా ఆఫీసు వెనక సందులోనే. మొగుడూ పెళ్లాం ఇద్దరే. ఆయన నేస్తాడు, ఆమె నూలును కండెలకు చుడుతుంది, రంగులద్దుతుంది. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆమెను వదినా అనేదాన్ని. మగ్గం మీద నెమలికంఠం రంగు చీర ఉంది. నూలు ఒళ్లు, పట్టు అంచు. నేను ఎన్నో చీరలు చూశాను గానీ అలాంటి నీలం చూడలేదు.

ఆ గదిలో వెలుతురంతా మగ్గం పక్కన మోకాలెత్తు కిటికీ నుంచి రావాలి. దుమ్ము పడకుండా దానికీ గుడ్డ కట్టారు. మేము వెళ్లేసరికి కరెంటు పోయింది.

"ఇసొంటిదే నేసిన చీర ఉన్నది, బయటికి తెచ్చి అరుగు మీద పరుస్తనక్కా, మంచి వెల్గుంటది," అన్నాడు అన్న.

"వద్దొద్దు," అన్నారు సారు. "మగ్గం కనబడాలె. చేనేత అని తెల్వాలె."

నేను స్టాండు విప్పబోయాను. సారు దాన్ని అవిటిదాన్ని చూసినట్టు చూశారు. "పదహారు వందల ఐఎస్ఓ వెట్టుకొని కర్రల మీద నిలబెట్టుడేంది?" అన్నారు. కెమెరాను చేత్తోనే పట్టుకుని తీశాను. పదహారు వందలు పెట్టినా ఆ చీకటికి చాలలేదు, బొమ్మ నల్లగా వచ్చింది. ఆఫీసులో ఆపరేటరు దాన్ని కంప్యూటర్లో తెల్లగా లాగాడు. పిల్లలూ, ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తీసేటప్పుడు వెలుతురు ఇవ్వకుండా తర్వాత లాగితే, చీకట్లో దాక్కున్న చుక్కలన్నీ బారులు తీరి బయటికి వస్తాయి. ఆ నెమలికంఠం మీద ఎర్రవి, పచ్చవి, ఊదావి లక్షల చుక్కలు లేచాయి.

సారు తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశారు. "నూలు ఎట్ల మెరుస్తున్నదో చూడు," అన్నారు. అకౌంటెంటు గారు కూడా వంగి చూసి, మెరుస్తున్నదన్నారు.

ఫోటోలు సీడీలో పెట్టి హైదరాబాదులో ఒక పెద్ద చీరల దుకాణానికి పంపారు. కొన్నాళ్లకు అక్కడ సరుకు కొనే మేడం ఫోన్ చేసింది. నీలం మీద సన్నటి రంగుచుక్కలున్న ఆ చీర తనకు చాలా నచ్చిందట. గద్వాలలో ఇంత కొత్త ఆలోచన ఉందని అనుకోలేదట. ఒక బేలు, అంటే పెద్ద మూట నిండా కావాలి, ముందు ఒక చీర నేసి పెడితే తానే వచ్చి చూస్తానంది. ఆఫీసులో లడ్డూలు పంచారు. నేనూ తిన్నాను. తింటూ చెప్పాను, అవి చీర మీది చుక్కలు కావు, కెమెరా చుక్కలు అని.

సారు చేతిలో లడ్డూ అలాగే ఉండిపోయింది. "అంటే ఐఎస్ఓ తప్పంటవా?"

"ఐఎస్ఓ తప్పు కాదు సార్. మనం పెట్టిన అంకె తప్పు."

"మేడం ఫోన్ చేసింది తప్పా?"

నేసినవాళ్లనే అడుగుదామన్నాను. ఫోటో ప్రింటు తీసుకుని అందరం వెనక సందుకు వెళ్లాం.

అన్న ప్రింటును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. "చీర నాదే సార్. చుక్కలు నావి కావు."

వదిన తొంగిచూసింది. "ఎవలో రంగులు చల్లిన్రు. దులిపితె పోతయేమో," అని కొంగుతో ఫోటోను తుడిచింది కూడా.

చుక్కలున్న చీరే నేయాలని సారు అన్నారు. సంఘంలో గ్రాఫు కాగితం మీద డిజైన్లు గీసే పెద్దాయన్ని పిలిపించారు. ఆయన ఆ ఫోటోను భూతద్దం పెట్టి చూసి, భూతద్దం తీసి చూసి, కింద పెట్టేశాడు. "బుటా అయితె గీస్త సార్. బుటాకు ఒక వరుస ఉంటది, మళ్లొస్తది. వీటికి వరుస లేదు. ఒక్క చుక్క తీరుగ ఇంకొక్కటి లేదు. ఇది గీయాల్నంటే నేను మళ్ల పుట్టాలె."

అందరూ నవ్వారు గానీ అన్న నవ్వలేదు. ఆ ఎండాకాలం సంఘంలో అమ్మకాలు లేక నూలు ఇవ్వడం తగ్గించారు. మగ్గం మీదున్న చీర దిగితే మళ్లీ పడుగు, అంటే నిలువు పోగులు, ఎప్పుడు ఎక్కుతుందో తెలియదు. సారు బయటికి వెళ్లాక ఆయన నాతో మెల్లగా అన్నాడు. "మా బామ్మర్ది బొంబాయిల సెంట్రింగ్ పని చేస్తుండక్కా. రమ్మంటుండు. ఈ బేరం గిట్ల పోతె నేను పోత. పోతె మళ్ల మగ్గం మీద కూసునే చెయ్యి ఉండదు. సిమెంటు పట్టిన చెయ్యికి పోగు తెల్వది."

అప్పటిదాకా నాకు అదంతా తమాషాగానే ఉంది. అక్కడ తమాషా ఆగిపోయింది. మర్నాడు సారుతో, నిజం చెప్పి చుక్కలు లేని చీరనే మేడంకు చూపిద్దామన్నాను. "చుక్కలు లేకుంటే ఆమె బండి దిగదు," అన్నారాయన. ఈ ఒక్క విషయంలో ఆయన అన్నదే జరిగి మేడం రాకపోతే అన్న బొంబాయి పోవాల్సిందే. కాబట్టి నేనూ నోరు మూసుకున్నాను.

దారి కనిపెట్టింది వదిన. అడ్డంగా నేసే పేక నూలును లేత నీలంలో ముంచి, ఆరకముందే వేపపుల్లతో ఎర్రరంగు, పచ్చరంగు చిలకరించింది. వాకిట్లో నీళ్లు చల్లినంత తేలిగ్గా చల్లింది. ఆ నూలును ముదురు నీలం పడుగు మీద నేస్తే, ఎక్కడ పడాల్సిన చుక్క అక్కడ పడింది. అంటే, ఎక్కడ పడితే అక్కడ పడింది. మాకు కావాల్సిందీ అదే. సారు రోజూ ఫోటో పట్టుకుని మగ్గం పక్కన కూర్చునేవారు. "ఈడ ఒక ఎర్ర చుక్క తక్కువున్నదే," అనేవారు. "రేపు పడుతది సార్," అనేది వదిన, పుల్ల రంగులో ముంచుతూ.

మేడం వచ్చిన రోజు సందు సందంతా ఊడ్చి ముగ్గులేశారు. ఆమె కళ్లద్దాలు నెత్తి మీదికి ఎత్తి చీరను చేతి మీద వేసుకుంది. గుమ్మం దగ్గర అన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన చూపు చీర మీద లేదు, ఆమె నోటి మీద ఉంది.

"సేమ్ ఇదే," అందామె. "ఫోటోలో ఉన్నట్టే ఉంది. ఎంత నేచురల్‌గా పడ్డాయి చుక్కలు."

సారు రుమాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. బేలు ఖాయమైంది. సందులో ఆరు మగ్గాలకు పని దొరికింది. అన్న బామ్మర్దికి ఫోన్ చేసి, ఇప్పట్లో రానని చెప్పాడు.

కథ ఇక్కడే ఆగితే సారు ఫోటోకు దండ వేసేవాళ్లం. కానీ మేడం పోతూ పోతూ, కరపత్రం అచ్చు వేయిస్తాం, ఈ చీరకు మంచి ఫోటో పంపండి అంది. నేను సారు దగ్గరికి వెళ్లి బతిమాలాను. ఈ ఒక్కసారికి అంకె నూరు పెట్టనివ్వండి, ఇప్పుడు నిజం చుక్కలున్నాయి, కెమెరా చుక్కలు కూడా వస్తే ఏవి ఎవరివో తెలియదు అన్నాను.

"పదహారు వందలకు ఆర్డరొచ్చింది," అన్నారు సారు. "ఇప్పుడు నూరుకు దించితే, బేరం కుదిరినంక క్వాలిటీ తగ్గించినమంటరు."

అకౌంటెంటు గారు, అది మోసమవుతుంది కదా సార్ అన్నారు.

పదహారు వందల్లోనే తీశాను. అదే గది, అదే కిటికీ. చీర చుక్కల మీద కెమెరా చుక్కలు వచ్చి కూర్చున్నాయి. ఆ ఫోటో హైదరాబాదు వెళ్లింది. అక్కడ కరపత్రం తయారుచేసే కుర్రవాడు పని తెలిసినవాడే. ఫోటోలో నాయిస్ ఉందని గుర్తుపట్టాడు. దాన్ని తుడిచే సాఫ్ట్‌వేరు అతని దగ్గర ఉంది, తుడిచేశాడు. కెమెరా చుక్కలతోపాటు వదిన చల్లిన చుక్కలు కూడా పోయాయి. కరపత్రంలో అచ్చైంది నున్నటి నీలం చీర.

కరపత్రం చూసి జనం దుకాణానికి వచ్చారు. నున్నటి నీలం అడిగారు. వాళ్ల ముందు చుక్కల చీర పరిస్తే మరకలున్నాయన్నారు. కొన్ని రోజులకు బేలుకు బేలు తిరిగి వచ్చింది. దాంతోపాటు మేడం ఫోన్. తానే వచ్చి చుక్కలు చూసి మెచ్చుకున్న సంగతి మరిచి, ఫోటోలో ఒకటి చూపించి సరుకు ఇంకొకటి పంపుతారా అని అడిగింది. మా సారు ఫోన్ పెట్టేసి, గోడ మీది సర్క్యులర్ దగ్గరికి వెళ్లి ఇంకోసారి చదువుకున్నారు.

ఆ నెలలోనే ఆయనకు బదిలీ అయింది. వీడ్కోలు సభలో సంఘాన్ని అంతర్జాతీయ ప్రమాణాలకు తీసుకెళ్లిన మనిషి అని పొగిడారు. పొగిడింది అకౌంటెంటు గారే. సారు వెళ్తూ నన్ను పక్కకు పిలిచారు. "నువ్వు మొదట్నే గట్టిగ చెప్పాల్సుండె అమ్మా," అన్నారు. ఆ మాటకు నేను ఇప్పటికీ అప్పుడప్పుడు ఒంటరిగా నవ్వుకుంటాను.

కొత్తగా వచ్చిన మేనేజరు మొదటి రకం. బేలును గోదాములో బకెట్ల పక్కన పెట్టించి, నేసినవాళ్లే వాపసు తీసుకోవాలేమో చూద్దామన్నాడు. ఆ మాట వెనక సందులోకి పాకింది. నేను వెళ్లేసరికి వదిన అరుగు మీద ఒక చుక్కల చీర మోకాళ్ల మీద పరుచుకుని కూర్చుంది. అన్న లోపల బ్యాగు సర్దుతున్నాడు. బొంబాయి బస్సు గురించి ఎవరినీ అడగాల్సిన పని లేదు, మా జిల్లాలో పసిపిల్లలకు కూడా దాని వేళలు తెలుసు.

"మరకలంట," అంది వదిన. ఆ మాటనే ఇంకోసారి అంది. తర్వాత అరుగు మీది దుమ్ము పిడికెడు తీసి చీర మీద పోసింది. నేను ఆపబోయాను. ఆమె ఒక్కసారి విదిలించి, చీర నా ముందుకు చాపింది. "ఏదక్కా దుమ్ము? కనబడ్తుందా?"

కనబడలేదు. దుమ్ము ఎక్కడో, చుక్క ఎక్కడో నాకే తెలియలేదు.

"పట్నపోళ్లకు దుమ్ము లేదు, వాళ్లకు మరక లెక్కనే ఉంటది," అంది. "మనోళ్లు పెండ్లికి పోవాల్నంటే జీపులల్ల, ట్రాక్టర్లల్ల పోతరు. దిగేసరికి చీరంత బుగ్గి. ఇది కట్టుకుంటే దులుపుకునే పనే లేదు. అయిజ సంతల పెడదాం."

నేను మేనేజరు దగ్గరికి వెళ్లి, చీరలు అయిజలో అమ్మకానికి పెట్టాలి, ఫోటో కూడా కొత్తగా తీయాలి అన్నాను. ఆయన పేపరు మీంచి తల ఎత్తలేదు. "ఏమన్న చేసుకోండమ్మా. నన్ను అడగొద్దు." నా సర్వీసులో విన్న అతి గొప్ప ఉత్తర్వు అదే.

ఆ మధ్యాహ్నం కిటికీకి కట్టిన గుడ్డ విప్పాం. తలుపులు బార్లా తీసి, చుక్కల చీరను మగ్గం మీద పరిచాం. అంకె నూరు పెట్టాను. స్టాండు మూడు కాళ్ల కింద అట్టముక్కలు పెట్టి కదలకుండా నిలబెట్టాను. అన్నను మగ్గం ముట్టుకోకుండా ఊపిరి కూడా మెల్లగా తీయమన్నాను. కెమెరా కన్ను తెరుచుకుని తీరిగ్గా మూసుకుంది. తెర మీద చూస్తే నీలం నీలంగానే ఉంది. వదిన చల్లిన ప్రతి చుక్కా విడివిడిగా ఉంది, ఎర్రది ఎర్రగా, పచ్చది పచ్చగా. పక్కన ఒక్క ఇసుక రేణువు లేదు.

అన్న తొంగిచూసి, "ఇన్ని రోజులు కెమెరా కరాబున్నదనుకున్న," అన్నాడు.

పెద్ద ప్రింటు వేయించి అయిజ సంతలో చీరల వెనక వేలాడదీశాం. వదిన గొంతు ఎత్తలేదు. దారిలోంచి పిడికెడు దుమ్ము తీసి చీర మీద పోయడం, విదిలించి చూపించడం, అంతే. మధ్యాహ్నానికి జనం మూగారు. పెళ్లిళ్ల కాలం. ఒకరు కొంటే వాళ్ల తోడికోడలు కొన్నది. అలంపూర్ దాకా అవే చీరలు పాకాయి. బేలు ఖాళీ అయింది. అన్న బ్యాగు విప్పాడో లేదో నేను అడగలేదు గానీ మగ్గం చప్పుడు మాత్రం సందు మొదట్నుంచే వినబడేది.

హైదరాబాదు మేడం మళ్లీ ఫోన్ చేసింది, పల్లెల్లో మంచి ట్రెండ్ నడుస్తోందట, ఏదైనా ఉంటే పంపండి అని. కొత్త మేనేజరు చూద్దాం అన్నాడు. ఇంకా చూస్తూనే ఉండి ఉంటాడు.

ఆ ఏడాదే అయిజ దగ్గర ఒక పెళ్లికి నన్ను ఫోటోలకు పిలిచారు. పందిట్లో అడుగుపెడితే ఆడవాళ్లలో సగం మంది చుక్కల చీరల్లోనే ఉన్నారు. పెళ్లికొడుకు మేనత్త, అరవై దాటిన మనిషి, నా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. "చుక్కలు సక్కగ రావాలె బిడ్డా. గద్వాలోళ్ల చీర అని తెల్వాలె," అంది. ఆమెను నీడలోంచి మెత్తటి వెలుతురులోకి జరిపించాను. అంకె నూరు. కదలొద్దన్నాను. కదల్లేదు.

ప్రింటు ఇవ్వడానికి వెళ్తే ఆమె దాన్ని గుమ్మంలో ఎండకు పట్టుకుని చుక్క చుక్కా వేలితో తడుముతూ చూసింది. చీర అయిపోయింది, మెడ దాటింది, చెంప దగ్గర వేలు ఆగింది.

"ఇదేంది? చుక్క నా మొఖం మీదికి వచ్చింది."

"అది మీ పుట్టుమచ్చ పెద్దమ్మా. నేను దాన్ని ముట్టలేదు."

ఆమె చెంప తడుముకుంది. మళ్లీ ఫోటో చూసింది. "ఇన్నేండ్ల నుంచి ఏ ఫోటోల లేదు గద," అంది. "నా పెండ్లి ఫోటోల గూడ తుడిచేసిన్రు." ఫోటోను కొంగుతో చుట్టి లోపలికి తీసుకుపోతూ కోడల్ని పిలిచింది. "ఇగో, ఇటు రా. ఇందుల నేనే ఉన్న, చూడు."